గోదారిలో ‘గో’ తీసేస్తే: చిన్నపిల్లలకు చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవడం ఎలా

రెండో తరగతి పాప తెలుగు వాచకం తెరిచి మొదటి పాఠం గడగడా చదివేస్తుంది. వేలు వరస వెంట నడుస్తుంది, గొంతు ఎక్కడా తడబడదు. అదే పేజీలో మధ్య వరసలో ఉన్న మాట మీద వేలు పెట్టి “ఇదేంటమ్మా?” అని అడిగితే మాత్రం ఆగిపోతుంది. కాసేపు చూసి, మళ్ళీ మొదటి వరస నుంచి గొణుక్కుంటూ వచ్చి, ఆ మాట దగ్గరికి చేరాక అప్పుడు చెబుతుంది. పాఠం ఆ పాప నోట్లో ఉంది, కంటికి ఇంకా అందలేదు. కోనసీమ లంకల్లోనైనా, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఒకటి, రెండు తరగతులు చూసిన టీచర్లందరికీ ఇది తెలిసిన సంగతే. ఇంట్లోవాళ్ళకు తెలిసేది చాలా ఆలస్యంగా. పిల్ల నాలుగో తరగతికి వచ్చి, లెక్కల పుస్తకంలో ప్రశ్న చదవలేక “లెక్కలు రావు” అనిపించుకున్నాక.

చదవడం వచ్చిందనే భ్రమ తెలుగులో తేలిగ్గా కలుగుతుంది. దానికి కారణం మన వర్ణమాలకున్న అందమే. అ ఆ ఇ ఈ అని పాడినట్టు సాగే వరస, క కా కి కీ అని ఊగే గుణింతం, రెండూ నాలుకకు ఇట్టే పడతాయి. ఐదేళ్ళ పిల్లాడు వారం రోజుల్లో వరస అప్పజెప్పగలడు. ‘ఠ’ ఏది అంటే చూపించడానికి మాత్రం ‘ట’ నుంచి లెక్కపెట్టుకోవాలి. అందుకే పరీక్షకు మొదటి నియమం చాలా చిన్నది: అక్షరాలను వరసలో అడగకూడదు. పది అక్షరాలు చెల్లాచెదురుగా రాసిన ఒక చీటీ చాలు, కంఠస్థం ఎంతో, గుర్తుపట్టడం ఎంతో విడిపోతాయి. ఆ పదిలో ఒకదానికొకటి పోలే అక్షరాలు ఉండాలి: ప, వ, మ, న, స, ర, ఠ, ల, బ, ఒ. మ, వ రెండూ తెలిసిన పిల్లలు కూడా ‘మ’నీ ‘వు’నీ పక్కపక్కన పెడితే తికమకపడతారు.

ఈమధ్య అమలాపురం నుంచి తణుకు దాకా ప్రైవేటు బళ్ళ బోర్డుల మీద ‘ఫోనిక్స్’ అనే మాట కనబడుతోంది. అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని పద్ధతి ప్రకారం నేర్పడం దాని అర్థం. ఇంగ్లిషుకు ఇది నిజంగా అవసరం. అక్కడ ఉన్నవి 26 అక్షరాలు, పలకాల్సిన ధ్వనులు సుమారు 44. పైగా అక్షరం పేరు వేరు, అది చేసే ధ్వని వేరు. ‘బీ’, ‘ఏ’, ‘టీ’ అని మూడు పేర్లూ వచ్చినంత మాత్రాన ‘బ్యాట్’ అని చదవడం రాదు. ఇంగ్లండులో 2012 నుంచి ఐదారేళ్ళ పిల్లలందరికీ ఒక పరీక్ష పెడుతున్నారు. 40 మాటలుంటాయి. వాటిలో 20 నిజమైనవి, 20 అర్థం లేని కల్పిత మాటలు. కల్పిత మాట పక్కన ఒక వింత జంతువు బొమ్మ వేసి, ఇది దాని పేరు, చదువు అంటారు. ఆ మాట పిల్ల అంతకుముందు విని ఉండే వీలు లేదు కాబట్టి, చదివిందంటే అక్షరాలను కూడబలుక్కునే చదివినట్టు. ఊహించి చెప్పడానికి అక్కడ దారి ఉండదు.

ఆలోచన మంచిది. దాన్ని తెలుగులోకి ఉన్నదున్నట్టు దించుకుంటే మాత్రం కొలవాల్సింది తప్పిపోతుంది. తెలుగులో అక్షరం పేరే దాని ధ్వని. ‘క’ పేరు క, పలికేదీ క. హిందీలో ‘కమల’ అని రాసి ‘కమల్’ అని చదివినట్టు మనం చివరి అచ్చును మింగం, రాసినదంతా పలుకుతాం. కాబట్టి ఇంగ్లిషు పిల్లలను సతాయించే పేరూ ధ్వనీ గొడవ మన పిల్లలకు లేదు. మన కష్టం ఇంకోచోట ఉంది. ఒక్కో హల్లుకు పది పన్నెండు గుణింతపు రూపాలు వేసుకున్నా నాలుగైదు వందల రూపాలు కంటికి పట్టాలి, వాటి మీద ఒత్తులు వేరే. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. ఆ పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని స్పష్టంగా చూపింది: అక్షరాలన్నీ పట్టుబడటం ఒకటో తరగతితో అయిపోదు, నాలుగో తరగతి దాకా సాగుతుంది. మాటను అక్షరాలుగా విడగొట్టడం పిల్లలకు తొందరగా వస్తుంది, అక్షరంలోని హల్లునూ అచ్చునూ విడదీసి వినడం చాలా నెమ్మదిగా వస్తుంది. ఇంగ్లిషులో ఏడాది, రెండేళ్ళలో ముగిసే పని ఇక్కడ నాలుగేళ్ళు పడితే అది మందకొడితనం కాదు, లిపి స్వభావం. ఒకటో తరగతి చివర్లో ఒత్తులు రాలేదని పిల్ల మీద ‘వెనకబడింది’ అని ముద్ర వేసే పరీక్ష తెలుగుకు పనికొచ్చేది కాదు.

ఎన్ని తప్పులు చేసిందన్న లెక్క కన్నా ఎక్కడ తప్పు చేసిందన్నదే ఇక్కడ ఎక్కువ చెబుతుంది. ‘పాలు’ను ‘పలు’ అని, ‘తోట’ను ‘తొట’ అని చదివితే దీర్ఘం పట్టుబడలేదు. తెలుగు పిల్లల్లో తరచుగా కనబడే తప్పు ఇది. హ్రస్వదీర్ఘాల జంటలు ఒక పది రాసి చదివిస్తే సగం రోగం అక్కడే బయటపడుతుంది. మిగతా గుణింతం అంతా బాగా వచ్చిన పిల్ల ‘మొక్క’ దగ్గర ఆగితే తప్పు ఆమెది కాదు. ‘కొ’లో ఒత్వం ఒకలా ఉంటుంది, ‘మొ’లో ఎత్వం మీద కొమ్ము తగిలించినట్టు ఉంటుంది. ‘యొ’ కూడా అంతే. ‘పు’, ‘వు’లలో కొమ్ము ‘కు’లో ఉన్నచోట ఉండదు. ఈ మినహాయింపులను విడిగా చూపించి చెప్పకపోతే పిల్లలు తమంతట తాము కనిపెట్టుకోవాల్సి వస్తుంది.

ఒత్తుల దగ్గర సంగతి ఇంకా లోతు. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి, చూస్తే పోల్చుకోవచ్చు. త, న, మ, య, ర, ల ఒత్తులు అలా కాదు, అసలు అక్షరంతో పోలికే లేదు. ‘అమ్మ’లో మ కింద ఉన్న గీత ‘మ’ అని ఎవరో ఒకరు చెబితేనే తెలుస్తుంది. ఇక క్రావడి, అంటే ర ఒత్తు, అక్షరాన్ని కింద ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది. ఎడమ నుంచి కుడికి చదవమని నేర్పిన కంటికి అది ముందే తగులుతుంది. ‘చక్రం’ను ‘చర్కం’ అనే పిల్లలు అజాగ్రత్తగా చదవడం లేదు, కనబడిన వరసనే నమ్మి చదువుతున్నారు. తప్పును ఇలా చూడగలిగితే మర్నాటి పాఠం ఏమిటో దానంతట అదే తేలుతుంది. ‘పదికి ఆరు’ అన్న మార్కులో ఇందులో ఏదీ ఉండదు.

సున్న కూడా ఇలాంటిదే. వంకరలో ఒకలా, కంచంలో ఒకలా, పండులో ఒకలా, పంపులో మరోలా పలుకుతాం. పిల్లలు ఇది చెవితోనే నేర్చేసుకుంటారు కాబట్టి దీనికి పెద్దగా పరీక్ష అక్కర్లేదు.

అక్షరం కంటపడక ముందే మొదలుపెట్టగలిగిన పరీక్ష ఒకటుంది. అది చెవికి, నోటికి సంబంధించింది. అంగన్‌వాడీలో నాలుగైదేళ్ళ పిల్లలకు పలక, బలపం లేకుండానే చేయొచ్చు. గోదారిలో ‘గో’ తీసేస్తే ఏం మిగులుతుంది? దారి. కాలువలో ‘వ’ తీసేస్తే? కాలు. పడవకు జోడీ మాట చెప్పు? గొడవ. మాటను ముక్కలుగా వినగలిగిన పిల్లకు తరవాత అక్షరాలు అతుక్కుంటాయి. వినలేని పిల్లకు ముందు ఈ ఆటే ఆడించాలి. మన పిల్లలు సొంతంగా కనిపెట్టుకుని ఆడే ‘క’ భాష సంగతి చూడండి. ప్రతి అక్షరం ముందూ ‘క’ చేర్చి, ‘పడవ’ను ‘కపకడకవ’ అని, పెద్దవాళ్ళకు అర్థం కాకుండా మాట్లాడుకుంటారు. ఆ భాష మాట్లాడే పిల్ల మాటను అక్షరాలుగా విడగొట్టి మళ్ళీ పేర్చుతోంది. నిపుణులు కొలవాలనుకునే నైపుణ్యం సరిగ్గా అదే. కాలవగట్టు మీద ఆడుకునే పిల్లల నోట అది ఉచితంగా వినబడుతుంది. తరగతిలో ఆ ఆటను అల్లరిగా లెక్కేసి మాన్పించడం నిజంగా బాధాకరం.

కల్పిత మాటల పద్ధతిని తెలుగుకు తగ్గట్టు మలచుకోవచ్చు. డపల, గిమ, నూకె, లెట్టి, సుమ్ర లాంటివి అక్షరం, గుణింతం, ఒత్తు క్రమంలో పేర్చి, ఇవి కొత్త పురుగుల పేర్లు అని చెప్పి చదివించాలి. ‘నూకె’ను ‘నూక’ అని చదివితే ఎత్వం కంటికి ఆనలేదు, బియ్యం చెరిగేటప్పుడు ఇంట్లో విన్న మాట నోటికొచ్చింది. ‘లెట్టి’ని ‘లెటి’ అంటే ఒత్తు పోయింది. ఒక్కో అక్షరాన్నీ “లకు ఎత్వమిస్తే లె, టకు గుడిస్తే టి, ట ఒత్తిస్తే ట్టి” అని విడివిడిగా చెప్పి, అన్నీ కలిపి ఒక్కమాటగా చెప్పలేకపోతే, అక్షరాలు వచ్చాయి, కూర్పు రాలేదు. గుడిస్తే, కొమ్మిస్తే అంటూ నేర్పడం మొదట్లో ఊతకర్రలా ఆసరా ఇస్తుంది. రెండో తరగతి చివర్లోనూ ప్రతి మాటకూ ఆ కర్ర పట్టుకునే నడుస్తుంటే అప్పుడు చింతించాలి. కల్పిత మాటలు ఐదారుకు మించకూడదు. అర్థం లేనిది చదవడం పిల్లలకు కాసేపే ఆట, తరవాత అలసట.

పరీక్ష చేసేవాళ్ళ వైపు నుంచి జరిగే పెద్ద అన్యాయం యాస దగ్గర. పుస్తకంలో ‘వెళ్ళాడు’ అని ఉంటుంది, పిల్లవాడు ‘ఎల్లేడు’ అని చదువుతాడు. ‘వచ్చాడు’ను ‘ఒచ్చేడు’ అంటాడు. చీటీ మీద ఇంటూ పడుతుంది. నిజానికి ఆ పిల్లవాడు మాట చూశాడు, అర్థం చేసుకున్నాడు, తన నోటి తెలుగులో చెప్పాడు. వాడు చదివాడు. అదే ‘వెళ్ళాడు’ను ‘వెలాడు’ అన్న పిల్లవాడు ఒత్తు చదవలేదు, బహుశా అర్థమూ కాలేదు. మొదటి తప్పుకూ రెండో తప్పుకూ ఒకటే ఇంటూ వేస్తే పరీక్ష చదువును కొలవడం మానేసి ఇంటి తెలుగును కొలుస్తున్నట్టు. ఆ ఇంటూలు ఎక్కువగా పడేది ఏ ఇళ్ళ పిల్లలకో చెప్పనక్కర్లేదు. ‘భోజనం’ను ‘బోజనం’ అన్నా, ‘శనివారం’ను ‘సనివారం’ అన్నా ఇదే జాగ్రత్త కావాలి. అనుమానం తీర్చుకోవడం సులువు. పుస్తకం మూసి, ‘భోజనం’ అని చెప్పి తిరిగి అనమనాలి. అప్పుడూ ‘బోజనం’ అంటే అది పలుకుబడి. తరవాత బ, భ రెండూ రాసి ‘భ’ ఏదని అడిగితే సరిగ్గా చూపిస్తుందా లేదా అన్నదే చదువుకు సంబంధించిన ప్రశ్న.

వేగం గురించి కూడా తొందరపాటు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి పిల్లలందరికీ చదవడం, లెక్కించడం రావాలంది. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 అని లక్ష్యం పెట్టింది. మాట అంటే ఏ మాట? ‘వెళ్ళాలనుకుంటున్నాడు’ అన్నది తెలుగులో ఒక్క మాట, ఇంగ్లిషులో ‘హి వాంట్స్ టు గో’ అని నాలుగు. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుని పొడుగవుతాయి. ఇంగ్లిషు లెక్కతో గడియారం పెడితే తెలుగు పిల్ల ఎప్పుడూ వెనకే ఉంటుంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లల మీద 20 భాషల్లో అధ్యయనం చేసి, ఏ భాషకు ఆ భాష కొలత వేరుగా పెట్టడం అందుకే సరైన పని. తరగతి గదిలో అయితే మాటలకు బదులు అక్షరాలు లెక్కపెట్టుకోవడం మేలు. ఈ నెల ఒక నిమిషంలో 40 అక్షరాలు చదివిన పిల్ల వచ్చే నెల 55 చదివితే ముందుకు నడిచినట్టే. పక్క పిల్లతో పోలిక అక్కర్లేదు, తన పాత లెక్కతో పోల్చుకుంటే చాలు.

అర్థం దగ్గరికి వద్దాం. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ఒక సరళమైన సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే లిపిని ధ్వనిగా మార్చగలగడం, ఆ భాష వింటే అర్థం కావడం, ఈ రెండింటి గుణకారం. కూడిక కాదు. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నానే. గోదారి డెల్టా పిల్లల మీద ఈ లెక్క వేసి చూస్తే ఎంతో విషయం తేలుతుంది. తెలుగులో వీళ్ళ రెండో అంకె చాలా పెద్దది. సార్వా, దాళ్వా, ఊడ్పులు, దింపు, పంటు, ఏటిగట్టు వంటి మాటలన్నీ ఇంట్లో, రేవులో, చేలో విని పెరిగినవారు. చిన్న కథ చదివి వినిపిస్తే ప్రశ్నలకు టపటపా జవాబులు చెబుతారు. లోటు ఉంటే మొదటి అంకెలోనే, అంటే లిపిలో. అది నేర్పితే వస్తుంది. ఇంగ్లిషు వాక్యం దగ్గర లెక్క తిరగబడుతుంది. కూడబలుక్కుని పైకి చదవగలుగుతారు, అర్థం మాత్రం సున్నా. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి లెక్కలు, పరిసరాల విజ్ఞానం లాంటి పాఠ్యపుస్తకాలు ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ఉండేలా వచ్చాయి. అదే విషయం రెండు భాషల్లో పక్కపక్కన దొరకడం పరీక్షకు గొప్ప సౌకర్యం. ఇంగ్లిషు పేజీ చదివించి ఒక ప్రశ్న, తెలుగు పేజీ చదివించి అదే ప్రశ్న, పుస్తకం మూసి తెలుగులో వినిపించి మళ్ళీ అదే ప్రశ్న వేస్తే పిల్ల ఎక్కడ ఆగిందో పది నిమిషాల్లో కనబడుతుంది.

అర్థం కోసం అడిగే ప్రశ్నలు కూడా చూసుకోవాలి. “తాత కొబ్బరిచెట్టు ఎక్కాడు. రెండు బొండాలు కోశాడు. ఒకటి కింద పడి పగిలింది. రెండోది మనవరాలికి ఇచ్చాడు.” ఎన్ని బొండాలు కోశాడంటే జవాబు వరసలోనే ఉంది, అర్థం కాకపోయినా వెతికి చెప్పొచ్చు. తాతకు ఎన్ని మిగిలాయంటే మాత్రం వాక్యాలన్నీ మనసులో కలవాలి. ఇలాంటి ప్రశ్న ఒక్కటైనా లేకపోతే అర్థాన్ని కొలిచినట్టు కాదు. కథలో మెట్రో రైలు, లిఫ్టు పెడితే లంక పిల్ల తడబడుతుంది. తెలియని వస్తువు దగ్గర ఆగిందా, తెలియని అక్షరం దగ్గర ఆగిందా అన్నది అప్పుడు తేలదు.

ఇంగ్లిషు ఫోనిక్స్ పరీక్షల్లో మన పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘బస్’ మనకు బస్సు, ‘పెన్’ పెన్ను, ‘కప్’ కప్పు అయ్యాయి. పిల్ల ‘క్యాట్’ను ‘క్యాటు’ అని చదివితే మూడు అక్షరాలూ చదివి, చివర తెలుగు అలవాటు కొద్దిగా చేర్చింది, అంతే. ‘స్కూల్’ను ‘ఇస్కూలు’ అన్నా అంతే. అదే సి, ఏ, టి అని పేర్లు చెప్పి ఆగిపోతేనో, బొమ్మ చూసి ‘పిల్లి’ అంటేనో చదవడం రానట్టు. ఈ తేడా తెలియకుండా దిద్దితే ఇంగ్లిషు రాని పిల్లల జాబితా అనవసరంగా పెరుగుతుంది.

పెద్ద ఎత్తున వాడే సాధనాలు రెండు మూడు ఉన్నాయి. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అనే మెట్లతో పిల్లలను చూస్తుంది. 2006లో రూపొందిన ఎగ్రా పరీక్ష నిమిషం లెక్కన అక్షరాలు, కల్పిత మాటలు, పేరా చదివిస్తుంది. మొదటి పది అక్షరాల్లో ఒక్కటీ రాకపోతే పిల్లను ఇబ్బంది పెట్టకుండా అక్కడే ఆపేస్తుంది. తనంతట తాను సరిదిద్దుకుంటే ఒప్పు కిందే లెక్క. ఈ రెండు మర్యాదలూ ప్రతి బడీ నేర్చుకోవాలి. అయితే ఇలాంటి సర్వేలు జిల్లా, రాష్ట్రం ఎలా ఉన్నాయో చెప్పడానికి పుట్టినవి. ఒక పిల్లకు ‘చర్కం’ ఎందుకు వస్తుందో అవి చెప్పవు. అది పక్కన చాప మీద కూర్చున్న టీచరే చెప్పాలి.

పక్కన కూర్చోవడం అన్నది ఊరికే అన్న మాట కాదు. నలుగురి ముందు నిలబెట్టి “చదవరా” అంటే వచ్చినవి కూడా పోతాయి. గడియారం కనబడకూడదు. వచ్చని తెలిసిన మాటతో మొదలుపెట్టాలి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. ఇద్దరు టీచర్లే ఐదు తరగతులనూ లాగే బళ్ళల్లో రోజుకు నలుగురు చొప్పున ఇరవై మందికి ఒక వారం సరిపోతుంది. నెలల తరబడి నేర్పినా కదలిక లేకపోతే ముందు కన్ను, చెవి చూపించాలి. ఆ తరవాతే నేర్చుకోవడంలో వైకల్యం గురించిన మాట రావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది కూడా. కానీ దాన్ని తేల్చాల్సింది నిపుణులు. ఒక చీటీ చూసి ఆ పేరు పెట్టే అధికారం ఎవరికీ లేదు.

ఎప్పుడు చూడాలన్నది ఈ నేల మీద ఏరు నిర్ణయిస్తుంది. జూన్‌లో బడి తెరిచాక ఒకసారి చూడాలి. జులై, ఆగస్టుల్లో గోదారి పొంగితే లంక పిల్లలకు పడవ ఆగుతుంది, బడి ఆగుతుంది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన 2022 జులై వరద లాంటిదైతే బడే పునరావాస కేంద్రం అవుతుంది. అప్పుడప్పుడే అతుకుతున్న గుణింతం ఆ వారాల్లో జారిపోతుంది. నీళ్ళు తీశాక ఆగిన పాఠం నుంచి అందుకోకుండా మళ్ళీ ఆ ఐదు నిమిషాల చీటీతో మొదలుపెట్టాలి. మూడోసారి సంక్రాంతి సెలవుల తరవాత. ప్రతిసారీ మార్కు వేయక్కర్లేదు, పిల్ల పేరు కింద ఇలా ఒక వరస రాసుకుంటే చాలు.

జూన్: అక్షరాలు వచ్చు, వరస తప్పిస్తే న, స కలిపేస్తోంది. దీర్ఘాలు లేవు. సెప్టెంబరు: న, స స్థిరపడ్డాయి. పాలు, పలు తేడా చదువుతోంది. ‘మొక్క’ దగ్గర ఆగింది, చెబితే పట్టుకుంది. జనవరి: నాలుగు వాక్యాల కథ చదివింది, తాతకు బొండం మిగల్లేదని చెప్పింది. ‘ఎక్కేడు’ అని చదివింది, ఒప్పే. ద్విత్వాలు వచ్చాయి. చక్రం ఇంకా చర్కమే. సోమవారం నుంచి క్రావడి.